బోరు నీళ్లూ గులాబీ మొక్కా: మన పెరట్లో అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు వైపు గులాబీలు పెంచేవాళ్లు సలహా కోసం చూసే వీడియోలు ఎక్కువగా బెంగళూరు, పుణె మేడల మీద తీసినవి. అక్కడి ఎండ వేరు, నీళ్లు వేరు, వాన వచ్చే నెలలు వేరు. మనకు మేలో 42, 43 డిగ్రీలు మామూలు. పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ వాయుగుండాలతో. సముద్రం వైపు ఇసుక నేల, ఒంగోలు చుట్టూ చాలా చోట్ల నల్లరేగడి, ఉదయగిరి, కనిగిరి వైపు ఎర్రనేల. బోరు నీళ్లు చాలా ఊళ్లలో చప్పగా ఉండవు. ఈ నాలుగూ లెక్కలోకి తీసుకోని సలహా ఎంత మంచిదైనా ఇక్కడ సగమే పనిచేస్తుంది.

అపోహ: పెద్ద పువ్వు పూసి ఉన్న మొక్కే మంచి మొక్క.

కడియం నుంచి మొక్కల బండి రాగానే ముందు అమ్ముడయ్యేది పువ్వున్న మొక్కే. కానీ నర్సరీలో వేసిన ఎరువు బలంతో బక్క మొక్క కూడా ఒక పువ్వు పూస్తుంది. చూడాల్సింది మొదలు. అంటు కట్టిన చోట బొడిపెలా ఉబ్బి ఉంటుంది. ఆ బొడిపె పై నుంచి పెన్సిలు మందాన రెండు మూడు కొమ్మలు లేచి ఉంటే అది తీసుకోదగ్గ మొక్క. తర్వాత ఒక ఆకు తిప్పి చూడండి. అడుగున ఇసుక చల్లినట్టు సన్న చుక్కలు, పలచటి బూజు గూడు కనిపిస్తే ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే కంటికి ఆనని పురుగు) ఉన్నట్టే. ఉచితంగా ఇచ్చినా వద్దు, ఇంట్లో ఉన్నవాటికీ పాకుతుంది.

అంటు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే బ్లేడుతో నిలువుగా కోసి ఊడదీయండి. కొమ్మ లావెక్కేకొద్దీ అది బిగుసుకుంటుంది. ఆర్నెల్ల తర్వాత గాలికి కొమ్మ అక్కడే పుటుక్కున విరుగుతుంది.

ఇక ఆ మట్టి ముద్ద. కడియం మొక్కలు బంకమట్టి ముద్దలో వస్తాయి. దాన్ని అలాగే ఇసుక, కోకోపీట్, పశువుల ఎరువు కలిపిన కుండీలో దించేస్తారు. వారం తర్వాత మొక్క వాడుతుంది. పైన మట్టి తడిగానే ఉంటుంది కాబట్టి కారణం అంతుపట్టదు. ఒక సన్న పుల్ల తీసుకుని మొదలు పక్కనే గుచ్చి చూడండి, ఇటుకలో గుచ్చినట్టు ఆగిపోతుంది. ముద్ద ఎండి కుదించుకుపోయింది. పోసిన నీళ్లన్నీ దాని పక్కనుంచి జారి కుండీ బెజ్జంలోంచి పోయాయి. వేర్లన్నీ ఆ ఎండిన ముద్దలోనే ఉన్నాయి.

అందుకని తెచ్చిన మొక్కను కవరుతోనే నాలుగైదు రోజులు ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట పెట్టండి. నాటే రోజు సాయంత్రం బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, కవరు కోసి, ముద్ద అంచులను ఒక అంగుళం మేర వేళ్లతో మెల్లగా రాల్చండి. మొత్తం మట్టి దులిపేస్తే సన్న వేర్లు తెగుతాయి, అది ఇంకో తప్పు. అంటు బొడిపె మట్టికి రెండు అంగుళాలు పైనే ఉండాలి.

అపోహ: ఏడు ఆకులు వస్తే అడవి గులాబీ, కత్తిరించేయాలి.

ఒక్కో కాడకు ఐదు చిన్నాకులుంటే మంచి కొమ్మ, ఏడుంటే అడవి కొమ్మ అని ఈ మాట ఊరూరా తిరుగుతోంది. బలంగా ఉన్న మంచి రకాలకు కూడా ఏడు చిన్నాకులు వస్తాయి. నమ్మకమైన గుర్తు ఒక్కటే: కొమ్మ ఎక్కడ పుట్టింది? బొడిపెకు కింద నుంచి, లేదా మట్టిలోంచి లేస్తే అది వేరుమొక్క (అంటు కట్టడానికి కింద వాడిన అడవి గులాబీ) పిలక. దాన్ని కత్తెరతో పైపైన కోస్తే రెండింతలై వస్తుంది. మట్టి తీసి, పుట్టిన చోటు దాకా వెళ్లి, కిందికి లాగి పీకేయాలి. బొడిపె పై నుంచి లావుగా, ఎర్రగా దూసుకొచ్చే కొమ్మను మాత్రం ముట్టుకోకండి, వచ్చే ఏడాది పూలు దాని మీదే. చిగురు ఎర్రగా ఉండటం తెగులు కాదు, చాలా గులాబీల లేత ఆకు రంగే అది.

అపోహ: ఆర్‌ఓ మెషిన్ వదిలే నీళ్లు వృథా చేయకుండా మొక్కలకు పోయొచ్చు.

మన జిల్లాల్లో గులాబీలను చంపే అలవాట్లలో ఇదొకటి. లెక్క చూడండి. మీ బోరు నీటి టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 800 అనుకుందాం. మూడు లీటర్లు మెషిన్‌లోకి వెళ్తే ఒక లీటరు తాగే నీళ్లు, రెండు లీటర్లు వదిలేసిన నీళ్లు. తాగే నీటిలో 80 మాత్రమే మిగిలితే, తక్కిన ఉప్పంతా ఆ రెండు లీటర్లలోకే చేరి వాటి టీడీఎస్ 1160 అవుతుంది. బోరు నీళ్లే గులాబీకి ఎక్కువ అనుకుంటే దాన్ని ఇంకా చిక్కచేసి పోస్తున్నామన్నమాట. ఆ నీళ్లు బాత్రూమ్ కడగడానికి, బండి తుడవడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీళ్లు వేరే సంగతి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు, నిశ్చింతగా పోయొచ్చు. బియ్యం కడిగిన నీళ్లూ ఫరవాలేదు, పులియబెట్టకుండా అప్పటికప్పుడు పోస్తే.

టీడీఎస్ మీటరు కొనక్కర్లేదు, ఆర్‌ఓ మెకానిక్ జేబులో ఉంటుంది, అడగండి. 600 లోపైతే గులాబీకి దిగుల్లేదు. 600 నుంచి 1000 మధ్య అయితే పెంచొచ్చు గానీ మట్టిని అప్పుడప్పుడు కడగాలి. 1000 దాటితే గులాబీ మీద పట్టుదల మానుకుని గన్నేరు, కాగితం పూల వైపు వెళ్లడం మేలు. గులాబీయే కావాలంటే వాన నీళ్లు, మున్సిపల్ నీళ్లు పట్టి పెట్టుకోవాలి.

ఉప్పు పట్టిన మొక్క ఇలా ఉంటుంది: ముదురాకుల అంచులు కాలిన కాగితంలా గోధుమ రంగుకు తిరుగుతాయి, కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. అది చూసి నీళ్లు చాల్లేదనుకుని అవే నీళ్లు ఇంకా పోస్తారు. చేయాల్సింది మట్టిని కడగడం. 12 అంగుళాల కుండీలో సుమారు 12 లీటర్ల మట్టి పడుతుంది. దానికి 25 లీటర్ల మంచి నీళ్లు గంటసేపు కొంచెం కొంచెంగా పోసి, అడుగు బెజ్జంలోంచి పూర్తిగా కారిపోనివ్వాలి. కుండీ కింద ప్లేటు ఉంటే తీసేయండి, లేకపోతే కారిన ఉప్పునే మళ్లీ పీలుస్తుంది. ఎండాకాలంలో నెలకోసారి ఇది చేస్తే చాలు. అక్టోబరు వానల్లో కుండీలను వసారాలోకి లాక్కురాకండి. ఆ వానలు ఏడాది ఉప్పును ఊరికే కడిగిపెడతాయి. బెజ్జం మూసుకుపోయిందో లేదో మాత్రం చూసుకోండి.

అపోహ: గులాబీకి రోజూ రెండు పూటలా నీళ్లు.

కుండీ అయితే మే నెలలో రోజూ తప్పదు, అడుగు నుంచి కారేదాకా. నేలలో కుదురుకున్న మొక్కకు రెండు రోజులకోసారి పాదు నిండా 8, 10 లీటర్లు పోయడం మంచిది. రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైనే తిరిగి, ఒక్కరోజు మీరు ఊరెళ్తే మాడిపోతాయి. నల్లరేగడిలో గుంట తీసి నాటితే అది వానాకాలంలో నీళ్ల తొట్టి అవుతుంది. అక్కడ అడుగు ఎత్తున గట్టు పోసి దాని మీద నాటాలి. ఇసుక నేలలో దీనికి తిరగేసి చేయాలి: ఒకటిన్నర అడుగు గుంట, అందులో మూడో వంతు చెరువు మట్టి, ఐదు కిలోల మాగిన పశువుల ఎరువు, 200 గ్రాముల వేప పిండి. పైన వరిగడ్డి మూడు అంగుళాల మందం, మొదలుకు బెత్తెడు దూరంలో.

అపోహ: టీ పొడి, గుడ్డు పెంకులు, ఎముకల పొడి వేస్తే పూలే పూలు.

టీ కాచిన పొడిలో పాలు, చక్కెర ఉంటాయి. చీమలు వస్తాయి, చీమల వెంట పిండినల్లి (తెల్లటి పిండిలా కొమ్మకు అంటుకునే పురుగు) వస్తుంది. కడిగి, ఆరబెట్టి కంపోస్టులో వేస్తే మంచి ఎరువే. గుడ్డు పెంకు అంటే సున్నం. మన మట్టిలో, బోరు నీళ్లలో ఇప్పటికే సున్నం ఎక్కువ. ఎముకల పొడి ఆమ్ల నేలల్లో కరుగుతుంది, సున్నపు నేలలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. డీఏపీ గుప్పెడు వేస్తే ఇంకో చిక్కు: భాస్వరం ఎక్కువై ఇనుము, జింకు అందకుండా పోతాయి.

లేతాకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. దీనికి అందరూ ఎప్సమ్ సాల్ట్ వేస్తున్నారు. ఎప్సమ్ సాల్ట్ ఇచ్చేది మెగ్నీషియం. మెగ్నీషియం తగ్గితే పసుపు ముదురాకుల్లో మొదలవుతుంది. పై ఆకా, కింది ఆకా అని చూసుకుంటే మందు ఏదో తెలిసిపోతుంది. ఇనుముకు లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం ఆకుల మీద వారం తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. పొదలకూరు, రాపూరు వైపు నిమ్మ రైతులకు ఇది కొత్త సంగతేం కాదు, ఎరువుల కొట్లో అడిగితే ఇస్తారు. అన్నభేది మట్టిలో వేస్తే మాత్రం సున్నం దాన్ని వెంటనే పట్టేస్తుంది, డబ్బు దండగ. నూరు వరహాలు మొక్కకు ఈ జబ్బు గులాబీకంటే ఎక్కువ. దాన్ని సిమెంటు గోడ పక్కన నాటితే ఏడాది పొడుగునా పచ్చకామెర్లు వచ్చినట్టే ఉంటుంది.

అపోహ: ఎండ ఎంత ఉంటే అంత మంచిది.

ఆరు గంటలు చాలు, అదీ ఉదయం నుంచి. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఎండ, పడమటి గాలి మొక్కను కాల్చేస్తాయి. పడమర వైపు 50 శాతం నీడ వల కట్టండి. మేడ మీద అయితే కుండీని నేరుగా శ్లాబు మీద పెట్టకుండా రెండు ఇటుకలు వేయండి. ఆ నెలల్లో పువ్వు చిన్నదై రేకలు తక్కువగా వస్తే కంగారుపడి ఎరువు వేయొద్దు, ఎండకు అలాగే వస్తుంది.

అదే సమయంలో ఎర్రనల్లి విరుచుకుపడుతుంది. ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టడం, మూడు రోజులకోసారి, అన్నిటికన్నా మంచి వైద్యం. గంధకం పొడి మందు 35 డిగ్రీలు దాటిన ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు కూడా గంధకం వాడకూడదు.

అపోహ: అక్టోబరులో గులాబీని సగానికి నరకాలి.

పుస్తకాల్లో ఆ నెల ఉంటుంది. హైదరాబాదులో అప్పటికి వానలు వెనకపడతాయి, మనకు అప్పుడే మొదలు. కోసిన గాయం మీద వారం రోజులు వాన పడితే కొమ్మ చివరి నుంచి నల్లబడుతూ కిందికి దిగుతుంది. అదే కొమ్మ ఎండు తెగులు. వానలు తెరిపిచ్చాక, నవంబరు చివరి వారం, డిసెంబరు మొదటి వారం మధ్య చూసి కత్తిరిస్తే 45 రోజుల అటూ ఇటుగా, అంటే సంక్రాంతికి పూలు చేతికొస్తాయి.

సగానికి నరకడమూ అవసరం లేదు. మన ఎండలకు ఆకు ఎంత ఉంటే మొక్కకు అంత బలం. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగినవి, పుల్లలంత సన్నవి తీసేసి, మిగిలినవి పైనుంచి మూడో వంతు తగ్గిస్తే చాలు. కత్తెరను ముందు స్పిరిట్‌తో తుడవండి. బయటివైపు చూసే చిగురు కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయండి. కోసిన ముఖం చూడండి: మధ్య గుజ్జు తెల్లగా ఉంటే సరే, గోధుమ రంగు ఉంటే తెలుపు కనబడేదాకా ఇంకో అంగుళం, ఇంకో అంగుళం కిందికి. కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను కాసిని నీళ్లతో ముద్దలా కలిపి గాయానికి రాయండి. ఆ చోట పసుపు రాసేవాళ్లున్నారు. వానకు అది నిలవదు.

అపోహ: బొకే గులాబీ కాడను ఉర్లగడ్డలో (బంగాళాదుంపలో) గుచ్చి పాతితే మొక్క వస్తుంది.

ఉర్లగడ్డ కుళ్లుతుంది, దాంతోపాటు కాడా కుళ్లుతుంది. పైగా బొకే రకాలు పాలీహౌస్‌లో పెరిగేవి, వేరు పట్టినా మన ఎండకు ఆగవు. నాటు గులాబీ, పన్నీరు గులాబీ అయితే అంటు లేకుండానే కొమ్మతో వస్తాయి: పెన్సిలు మందం, జానెడు పొడవు, నాలుగు కణుపులు, రెండు కణుపులు తడి ఇసుకలో. నవంబరు చల్లదనంలో పెడితే నెలన్నరకు వేరు పడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీటితో, గుత్తులుగా పూసే బటన్ గులాబీలతో మొదలుపెట్టడమే నయం.

మందారం, కాగితం పూలు, గన్నేరు గురించి కొన్ని

మందారానికి పిండినల్లి పడితే సర్ఫు నీళ్లు కొడుతుంటారు. సర్ఫులోని సోడా లేతాకును కాల్చేస్తుంది. 5 మి.లీ. వేపనూనెలో ముందు కొద్దిగా ద్రవ సబ్బు బాగా కలిపి, ఆ తర్వాతే లీటరు నీళ్లు పోయాలి. క్రమం తిరగేస్తే నూనె పైన తేలి ఒక కొమ్మకే పడుతుంది. చీమల దారి తెంచకపోతే ఎన్నిసార్లు కొట్టినా పిండినల్లి తిరిగొస్తుంది. మందారాకు తలకు నూరి పెట్టుకునే ఇంట్లో మొక్క ఒంటికి పట్టే పురుగుమందు జోలికి వెళ్లకండి.

కాగితం పూల మొక్క ఆకులే వేసి పూయకపోతే ఎరువు చాల్లేదనుకుంటారు. అది సుఖం ఎక్కువై పూయనిది. ఆకు కొంచెం వాలేదాకా నీళ్లు ఆపి, తర్వాత ఒకసారి నిండా పోయండి, ఇలా రెండు మూడు విడతలు. యూరియా అసలు వద్దు. రోజంతా ఎండ ఉండాలి.

గన్నేరు ఇంటి ముందు ఉండకూడదన్న మాటలో నమ్మకం సంగతి ఎలా ఉన్నా విషం నిజం. ఆకు, పువ్వు, కొమ్మ, పాలు, అన్నీ విషమే. పచ్చగన్నేరు గింజ ఇంకా ప్రమాదం. ఉప్పు నీళ్లకు, సముద్రపు గాలికి దానంత మొండి మొక్క దొరకదు కాబట్టి గేటు బయటి కంచెకు వాడుకోవచ్చు, కానీ చిన్నపిల్లలు ఆడుకునే చోట, మేకలు, బర్రెలు మేసే దారిలో కాదు. కత్తిరించిన కొమ్మలను పొయ్యిలో పెట్టకండి, పొగ కూడా హాని చేస్తుంది. పాలు చేతికంటితే వెంటనే సబ్బుతో కడుక్కోండి.