గోడ మీది ఫోటోలో తాత ఏ లడాయికి పోయిండు?

హన్మకొండలో మా అమ్మమ్మ ఇంట్లో గోడకు ఒక ఫోటో ఉండేది. తుపాకీ పట్టుకుని నిటారుగా నిలబడ్డ సిపాయి. "మీ ముత్తాత తమ్ముడు. జర్మన్ లడాయికి పోయిండు" అనేది ఆమె. అది 1914 నాటిదని అందరం అనుకున్నాం. ఫ్రేము వెనక ఆ ఏడే రాసి పెట్టాం కూడా. మొన్న స్కాన్ చేయించి పెద్దగా చూస్తే ఛాతీకి రెండు వైపులా పెద్ద చదరపు సంచులు కనిపించాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ సంచులే లేవు.

అవి బ్రిటిష్ సైన్యం 1937 నమూనా సామాను. బ్రెన్ గన్ అనే తేలికపాటి మెషిన్ గన్ మ్యాగజైన్లు (తూటాల పెట్టెలు) పట్టాలి కాబట్టి అంత పెద్దగా కుట్టారు. 1914లో ఫ్రాన్స్‌లో దిగిన మన సిపాయిల ఫోటోల్లో భుజం మీదుగా తూటాల తోలు పట్టా కనిపిస్తుంది. అప్పటి బ్రిటిష్ సిపాయిలదైతే 1908 నమూనా: అటు ఐదు, ఇటు ఐదు చిన్న తిత్తులు, మొత్తం 150 తూటాలు. కాళ్లకు చుట్టిన పట్టీలను నమ్ముకోవద్దు, అవి రెండు యుద్ధాల్లోనూ ఉన్నాయి.

బాయ్‌నెట్ ఇంకా బాగా చెప్తుంది. తుపాకీ కొసకు తగిలించే కత్తి ఇది, ఉర్దూలో సంగీన్ అంటారు. కొత్త త్రీనాట్‌త్రీ (.303) రైఫిల్ పొట్టిదైంది, ఎదుటివాడిని అందుకోలేమేమో అన్న భయంతో 1907లో దాని బాయ్‌నెట్ అలుగును 17 అంగుళాలు చేశారు. మొదట్లో పిడి దగ్గర కొక్కెం ఉండేది, 1913లో తీసేశారు. రెండో యుద్ధకాలంలో ఇండియాలో అలుగును 12 అంగుళాలకు కుదించారు. మా ఫోటోలో నడుము నుంచి వేలాడే ఒర పొట్టిదే.

ఇంకోటి కూడా చూడాలి. ఆ తుపాకీలో తూటా ఎక్కించడానికి లాగే బోల్టు పిడి కుడివైపే ఉంటుంది. ఎడమవైపు కనిపిస్తే ఫోటోను తిరగేసి ప్రింటు వేశారన్నమాట.

అయితే సంచులు చూసి తొందరపడితే మళ్లీ తప్పులో కాలేస్తాం. ఆ సామాను యుద్ధంతో పోలేదు. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చిన సైన్యం దగ్గరా అదే ఉంది. 1962లో చైనా సరిహద్దులో మనవాళ్ల చేతుల్లో ఉన్నదీ త్రీనాట్‌త్రీలే. ఫోటో ఫలానా ఏడుకు ముందుది కాదని మాత్రమే సామాను చెప్పగలదు. మిగతాది భుజం మీద రెజిమెంటు పేరు చెప్పే ఇత్తడి అక్షరాల్లో, పింఛను కాగితాల్లో వెతకాలి. ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే దయచేసి తూకానికి వేయకండి.

జర్మనీ రెండో యుద్ధంలోనూ ఉంది కదా. అమ్మమ్మ ఏనాడూ 1914 అనలేదు, ఆ ఏడు కలిపింది మేమే.