మందుకు లొంగని గుణం చేతులు మారే తీరు

ఉద్దానం ప్రాంతంలో డయాలిసిస్ మీద ఉన్న మనిషికి చలిజ్వరం వస్తే, వైద్యులు ముందుగా అనుమానించేవాటిలో మెడ దగ్గర అమర్చిన గొట్టం ఒకటి. నెత్తురును కల్చర్‌కు, అంటే అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు పంపితే, కొన్ని రోజులకు వచ్చే రిపోర్టులో ఒక్కో యాంటీబయాటిక్ పేరు ఎదుట ఎస్ అనో ఆర్ అనో అక్షరం ఉంటుంది. ఎస్ అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుందని, ఆర్ అంటే లొంగదని అర్థం. క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియా విషయంలో చాలా శక్తిమంతమైన యాంటీబయాటిక్ మెరోపెనెమ్ ఎదుట కూడా ఆర్ పడితే, ఇక మిగిలే కొద్ది మందుల్లో కొలిస్టిన్ ఒకటి. అది మూత్రపిండాలను దెబ్బతీసే మందు కావడం వల్ల, కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల వారికి ఈ సంగతి మిగతావారికన్నా దగ్గరగా తగులుతుంది.

నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి 1940ల చివర జపాన్‌లో కొలిస్టిన్‌ను వేరుచేశారు. మూత్రపిండాలకూ నరాలకూ చేసే హాని చూసి 1970ల నాటికి వైద్యులు దాన్ని చాలావరకు పక్కన పెట్టేశారు. మెరోపెనెమ్ తరగతి మందులు పనిచేయని బ్యాక్టీరియా ఆసుపత్రుల్లో పెరిగాకనే మళ్ళీ బయటకు తీశారు. దాని పనితీరు సూటిగా ఉంటుంది. పేగుల్లో ఉండే ఈ కోలై (E. coli) అనే బ్యాక్టీరియాకూ క్లెబ్సియెల్లాకూ వెలుపలి పొర మీద రుణావేశం ఉంటుంది, కొలిస్టిన్ అణువు మీద ధనావేశం ఉంటుంది. అందువల్ల మందు ఆ పొరను పట్టుకుని చీల్చేస్తుంది. ఎం.సి.ఆర్.-1 అనే జన్యువు ఉన్న బ్యాక్టీరియా ఆ పొరలోని కొవ్వు అణువుకు ఫాస్ఫోఇథనాలమైన్ అనే చిన్న ముక్కను తగిలిస్తుంది. దానితో రుణావేశం తగ్గుతుంది, కొలిస్టిన్‌కు పట్టు దొరకదు.

2015కు ముందు కొలిస్టిన్‌ను తట్టుకునే బ్యాక్టీరియా లేకపోలేదు. అయితే అప్పటికి తెలిసినవన్నీ ప్రధాన క్రోమోజోములో జరిగిన మార్పులే. అవి తల్లికణం నుంచి పిల్లకణానికి సంక్రమించేవే తప్ప పక్కనున్న వేరే జాతికి దాటేవి కావు. ఆ ఏడాది నవంబరులో చైనా పరిశోధకులు ప్రకటించిన సంగతి అందుకే వైద్యలోకాన్ని కలవరపెట్టింది. ఒక పందిలో దొరికిన ఈ కోలైలో ఎం.సి.ఆర్.-1 జన్యువు క్రోమోజోములో కాక, వేరే జాతికీ దాటగల ప్లాస్మిడ్ అనే డి.ఎన్.ఏ. వలయం మీద ఉంది. వారు పరీక్షించిన నమూనాల్లో, పశువులకు సంబంధించిన వాటిలో 21 శాతం, పచ్చి మాంసంలో 15 శాతం, ఆసుపత్రి రోగుల నుంచి తీసిన వాటిలో ఒక శాతం ఎం.సి.ఆర్.-1 ఉన్నవే. పశువుల నుంచి మనుషుల వైపు ఈ అంకెలు తగ్గే తీరును చూస్తే, జన్యువు ఎటునుంచి ఎటు నడిచిందో ఊహించడం కష్టం కాదు.

ప్లాస్మిడ్ అంటే క్రోమోజోముతో సంబంధం లేకుండా కణంలో విడిగా ఉండే చిన్న డి.ఎన్.ఏ. వలయం. ఈ కోలై క్రోమోజోములో సుమారు 46 లక్షల బేస్ జతలు ఉంటే, చైనాలో మొదట దొరికిన ప్లాస్మిడ్‌లో ఉన్నవి దాదాపు 64 వేలు. ఇచ్చే కణం మీద పిలస్ అనే సన్నని పొడవాటి నిర్మాణం మొలిచి పక్క కణాన్ని అంటుకుని దగ్గరకు లాగుతుంది. రెండు కణాలూ ఆనుకున్నాక, వలయంలోని రెండు పోగుల్లో ఒకదాన్ని రిలాక్సేజ్ అనే ఎంజైమ్ నిర్ణీతమైన చోట తెంచుతుంది. ఆ ఎంజైమ్ పోగు కొసను పట్టుకునే, పోగుతో పాటు అవతలి కణంలోకి జారుతుంది. ఇటు మిగిలిన పోగుకూ అటు చేరిన పోగుకూ జతపోగులు తయారై, కొద్ది నిమిషాల్లోనే రెండు కణాల్లోనూ పూర్తి వలయాలు ఉంటాయి. పొరుగింటికి తోడు ఇచ్చిన ఇల్లాలి కుండలో పెరుగు తరగనట్టే ఇచ్చిన కణానికి ఏమీ తగ్గదు, పుచ్చుకున్నది ఆపైన ఇంకొకరికి ఇవ్వగలదు. కాకపోతే తోడులో బ్యాక్టీరియానే ఇల్లు మారుతుంది, ఇక్కడ మారేది గుణం ఒక్కటే.

అందుకే, మందులు పనిచేయకపోవడం గురించి వినిపించే "యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చేయని రోగి వల్లే ఇదంతా" అన్న మాట నాకు సగం నిజంగానే తోస్తుంది. జన్మలో కొలిస్టిన్ ఎరగని మనిషి పేగులో సైతం, ఏ జబ్బూ కలిగించని ఈ కోలై ఈ ప్లాస్మిడ్‌ను మోస్తూ ఉండవచ్చు. అదే పేగులోకి వచ్చిన క్లెబ్సియెల్లాకు దాన్ని అందించవచ్చు. కోళ్లకు త్వరగా బరువు పెరగాలని దాణాలో కలిపిన కొలిస్టిన్ పేగు గోడల్లోంచి నెత్తురులోకి దాదాపు చేరదు, రెట్టతోనే బయటకు పోతుంది; ఆ దారిలో దాన్ని తట్టుకునే బ్యాక్టీరియానే మిగిలి పెంటలో చేరుతుంది. కోళ్ల పెంటను తోటలకు తోలించుకోవడం మన జిల్లాల్లో మామూలే. ఆహారానికి పెంచే పశువుల్లో, కోళ్లలో, చేపలు, రొయ్యల చెరువుల్లో కొలిస్టిన్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. ఇది మంచి నిర్ణయం, ఆలస్యంగా వచ్చిన నిర్ణయం కూడా.

నిషేధంతో ప్లాస్మిడ్ వెంటనే మాయమవుతుందని మాత్రం అనుకోకూడదు. ఒకే వలయం మీద నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు వరుసగా ఉండడం అసాధారణమేమీ కాదు. 1950ల జపాన్‌లో రక్తవిరేచనాల షిగెల్లా ఒక్కసారిగా నాలుగు మందులకు లొంగకుండా పోవడానికి కారణం ఇదే. కొలిస్టిన్ ఆపినా చెరువులో టెట్రాసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్ చల్లుతూ ఉంటే, దాన్ని తట్టుకునే జన్యువుతో పాటు దాని పక్కనున్న ఎం.సి.ఆర్.-1 కూడా బతికిపోతుంది. కొన్ని ప్లాస్మిడ్‌లు ఒక విషాన్నీ దాని విరుగుడునూ కలిపి తయారు చేయిస్తాయి; విరుగుడు త్వరగా నశిస్తుంది కనుక, విభజన సమయంలో ప్లాస్మిడ్ అందని పిల్లకణం మిగిలిన విషంతో దెబ్బతింటుంది. అయినా పెంపకంలో కొలిస్టిన్ దాణాను చైనా 2017లో ఆపాక, పందుల్లోనూ మనుషుల్లోనూ ఎం.సి.ఆర్.-1 గణనీయంగా తగ్గినట్టు అక్కడి పరిశీలనల్లో తేలింది. ప్లాస్మిడ్‌ను మోయడం కణానికి కొంత భారమే. మందు ఒత్తిడి లేనిచోట ఆ భారం లేని కణాలు మెల్లగా పైచేయి సాధిస్తాయి.

మనకు చేతిలో ఉన్న పని పెంట దగ్గర ఉంది. కోళ్ల పెంటను పచ్చిగా మొక్కల మొదట్లో పోయకుండా, కుప్పవేసి తడిపి, లోపల బాగా వేడెక్కేలా తిరగేస్తూ మాగబెడితే అందులోని ఈ కోలై చాలావరకు చస్తుంది. డి.ఎన్.ఏ. ముక్కలు కొన్ని మిగలవచ్చు గానీ, పిలస్ మొలిపించి పక్క కణానికి ప్లాస్మిడ్‌ను అందించడానికి ప్రాణమున్న కణం కావాలి.