"పవర్ పెంచుదామా సార్?": డిటెక్టివ్ కథల ఆడవాళ్లపై అపోహలు - వాస్తవాలు

నల్గొండలో నాటికలు రాస్తాను, ఆడిస్తాను. పాత ఇంగ్లిషు డిటెక్టివ్ కథలను మన ఊళ్లకు దించడం నాకు పిచ్చి. ప్రతి రిహార్సల్లో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: "సార్, హీరోయిన్‌కు జర పవర్ పెంచుదామా?" పవర్ అంటే ఫైటు. కాదంటే ఫ్లాష్‌బ్యాక్. వాళ్లకు నేను చెప్పేవే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఐరీన్ ఆడ్లర్ షెర్లాక్ హోమ్స్ ప్రియురాలు.

వాస్తవం: సినిమాల పుణ్యమా అని పుట్టిన మాట ఇది. ఆమె పాత్రగా కనిపించేది ఒక్క కథలోనే, 1891 జూలైలో స్ట్రాండ్ పత్రికలో వచ్చిన 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా'లో. హోమ్స్‌కు ఆమె మీద ఉన్నది ప్రేమ కాదని, కథ చెప్పే అతని మిత్రుడు వాట్సన్ మొదట్లోనే తేల్చేస్తాడు. ఆమె పెళ్లాడింది ఒక లాయరును. ఆ పెళ్లికి సాక్షిగా నిలబడ్డది మారువేషంలో ఉన్న హోమ్సే!

అపోహ: పాత కథల్లో ఆడవాళ్లు బొమ్మలు, ఈ కాలం వాళ్లే వాళ్లకు బలమిచ్చారు.

వాస్తవం: ఐరీన్ పాత కథనూ కొత్త సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. బొహీమియా రాజు ఆమెతో కలిసి దిగిన ఫొటో ఆమె దగ్గరుంది, అది తెచ్చిపెట్టమని హోమ్స్‌ను అడుగుతాడు. ఫాదరీ వేషంలో ఆమె ఇంట్లో దూరిన హోమ్స్, ఉత్తుత్తి మంటల కేకలు పెట్టించి, ఆ ఫొటో దాచిన చోటు కనిపెడతాడు. ఐరీన్‌కు అనుమానం వస్తుంది. మగవేషం వేసుకుని అతని వెనకాలే వాళ్లింటిదాకా వెళ్లి, "గుడ్ నైట్, మిస్టర్ షెర్లాక్ హోమ్స్" అని పలకరించి మరీ పోతుంది. తెల్లారి హోమ్స్ వచ్చేసరికి ఇల్లు ఖాళీ. ఒక ఉత్తరం, ఆమె ఒక్కతే ఉన్న ఇంకో ఫొటో మాత్రం ఉంటాయి. రాజు వేలి ఉంగరం తీసి ఇవ్వబోతే వద్దని, హోమ్స్ ఆ ఫొటో అడిగి తీసుకుంటాడు. గెలుపు ఆమెది.

2009 'షెర్లాక్ హోమ్స్' సినిమాలో అదే ఐరీన్, హోమ్స్ శత్రువు మోరియార్టీ చెప్పుచేతల్లో ఉంటుంది. 2012లో వచ్చిన బీబీసీ 'షెర్లాక్' సీరియల్ ఎపిసోడ్‌లో ఆమె ఫోన్ పాస్‌వర్డ్ హోమ్స్ పేరులోని అక్షరాలే. నాడి పట్టి ఆమె మనసు కనిపెట్టి అతను గెలుస్తాడు. ఆఖరికి కరాచీలో ఆమె తల తెగబోతుంటే కాపాడేదీ అతనే. బట్టలు, భాష, ధైర్యం అన్నీ పెంచారు, ఉన్న ఒక్క గెలుపు గుంజుకున్నారు. నూటఇరవై ఏళ్ల తర్వాత!

అపోహ: అగాథా క్రిస్టీ రాసిన పల్లెటూరి డిటెక్టివ్ మిస్ మార్పుల్ లాంటి ముసలమ్మ కథ నడవాలంటే పాత ప్రేమకథ ఒకటి తగిలించాలి.

వాస్తవం: 2004లో మొదలైన బ్రిటన్ ఐటీవీ చానెల్ సీరియల్ ఆ పనే చేసింది. పెళ్లైన సైనికుడితో ప్రేమ, యుద్ధంలో అతని చావు. నాకు నచ్చలేదు. ఆమె అసలు విద్య వేరు. ఎవరిని చూసినా "వీడు మా ఊరి ఫలానావాడిలాగే ఉన్నాడే" అని పోల్చడం. మన అరుగుల మీద అవ్వలకు ఎవరు నేర్పారు ఈ విద్య? బీబీసీ సీరియల్‌లో మార్పుల్‌గా వేసిన జోన్ హిక్సన్ 1984 నుంచి 1992 దాకా మొత్తం పన్నెండు నవలల్లోనూ ఏ ఫ్లాష్‌బ్యాకూ లేకుండా కళ్లతోనే లాగించింది. 2003లో రితుపర్ణో ఘోష్ 'శుభో మహురత్' సినిమా తీసినప్పుడు మార్పుల్‌ను బెంగాలీ ఇంటి మేనత్తగా మార్చాడు. ఆ పాత్ర నటి రాఖీ చేసింది. ఇల్లు మారింది, చూపు మారలేదు.

అపోహ: ఆడ డిటెక్టివ్ కొత్త ఫ్యాషన్.

వాస్తవం: 'ది ఫిమేల్ డిటెక్టివ్' 1864లోనే అచ్చైంది. హోమ్స్ మొదటి కథ రావడానికి ఇరవై మూడేళ్ల ముందు.

అపోహ: బలం చూపాలంటే చేతిలో తుపాకీ ఉండాలి.

వాస్తవం: బీబీసీ వాళ్లు వాట్సన్ భార్య మేరీకి తుపాకీ ఇచ్చారు. తీరా 2017లో హోమ్స్‌కు తగలాల్సిన గుండుకు ఆమెనే అడ్డం పెట్టి చంపేశారు.

అందుకే నేను 1892 నాటి హోమ్స్ కథ 'కాపర్ బీచెస్' పట్టుకున్నా. వయొలెట్ హంటర్ పిల్లలకు చదువు చెప్పే అమ్మాయి. కిందటి ఉద్యోగంలో నెలకు నాలుగు పౌండ్లు. కొత్త ఇంట్లో ఏడాదికి నూటఇరవై ఇస్తారట. షరతు: జుట్టు కత్తిరించుకోవాలి. అప్పుడప్పుడు కిటికీకి వీపు పెట్టి కూర్చోబెడతారు, వెనక్కి చూడనివ్వరు. ఆమె పగిలిన అద్దం ముక్కను రుమాల్లో దాచుకుని, కళ్లు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ వెనక రోడ్డు మీద నిలబడ్డ మనిషిని చూస్తుంది.

మా నాటికలో ఆమె దేవరకొండ దిక్కు బీఈడీ పిల్ల. మొదటి ప్రదర్శనలో జుట్టు షరతు బోల్తా కొట్టింది. మన దగ్గర జుట్టు తీయమంటే జనానికి యాదగిరిగుట్టే గుర్తొస్తుంది. "మొక్కా?" అని ఎవరో అన్నారు, అంతా నవ్వారు. అప్పుడు ముందు ఒక సీను కలిపాను: తల్లి కూతురి తలకు నూనె రాసి, జడ అల్లుతూ ఫీజు అప్పు లెక్క చెబుతుంది. ఆ తర్వాత షరతు వినిపిస్తే ఎవరూ నవ్వలేదు.

అద్దం సీనుకు మాత్రం నేను సిద్ధంగా లేను. ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ గట్టిగానే అనేసింది: "అయ్యో, పలిగిన అద్దంల మొకం జూస్కుంటదా! కీడు బిడ్డా!"

ఆ పాత్ర వేసిన పిల్ల రుమాలు దించలేదు, వీపు తిప్పలేదు. "మొకం కాదవ్వా," అంది మెల్లగా, "ఎనకున్నోన్ని జూస్తున్న."

ఆ మాటను తెల్లారే స్క్రిప్టులో రాసుకున్నా.