ఆటల పీరియడ్‌లో రక్షణ సామగ్రి: ఒక పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) తరచూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

అపోహ: "మా కాలంలో ప్యాడ్లు, హెల్మెట్లు ఎక్కడివి సార్? మేమంతా బాగానే ఉన్నాం కదా!"

తిరుపతి చుట్టుపక్కల ఏ బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినా ఈ మాట వినబడుతుంది. బాగున్నవాళ్లే వచ్చి చెప్పగలిగే మాట ఇది. మోకాలు దెబ్బతిని ఆట మానేసినవాళ్లు సమావేశానికి వచ్చి తమ సంగతి చెప్పుకోరు.

అయినా ఆ కాలం ఏ కాలం? చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో చాలా బళ్లలో వ్యాయామమంటే కవాతే. డ్రిల్లు మాస్టారు పిల్లలను వరుసల్లో నిలబెట్టి చేతులూ కాళ్లూ ఆడించేవారు. అందుకు ప్యాడ్లతో పనేముంది? 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించాక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు తయారయ్యారు. వారితోపాటు బడుల్లోకి బంతులు, బ్యాట్లు వచ్చాయి, దెబ్బలూ వచ్చాయి.

రక్షణ సామగ్రి అంతకన్నా పాతది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆటగాడు శామ్ విడోసన్ 1874లోనే క్రికెట్ ప్యాడ్లను కత్తిరించి ఫుట్‌బాల్‌కు షిన్ గార్డులుగా (మోకాలి కింద ఎముకకు కవచాలుగా) కట్టుకున్నాడు. వాటిని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా తప్పనిసరి చేసింది 1990లో. వస్తువు పుట్టాక నిబంధన రావడానికి వందేళ్లు దాటింది. మా రంగంలో ఆలస్యం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

క్రికెట్ హెల్మెట్‌దీ ఇదే కథ. 1962 మార్చిలో బార్బడోస్‌లో భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి పుర్రె చిట్లింది. వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ కూడా ఆయనకు రక్తం ఇచ్చాడు. ప్రాణం దక్కింది కానీ 28 ఏళ్లకే టెస్టు జీవితం ముగిసింది. అంత జరిగినా హెల్మెట్ రాలేదు. 1977లో ఇంగ్లండ్ బ్యాటర్ డెనిస్ అమిస్ మోటార్‌సైకిల్ హెల్మెట్‌లాంటిది పెట్టుకుని కెర్రీ ప్యాకర్ నడిపిన ప్రైవేటు సిరీస్‌లో దిగాడు. మరుసటి ఏడాది బార్బడోస్‌లోనే ఆస్ట్రేలియా ఆటగాడు గ్రాహం యాలప్ టెస్టు మ్యాచ్‌లో మొదటిసారి హెల్మెట్ పెట్టుకుంటే ప్రేక్షకులు గేలి చేశారు. "పిరికివాడు" అనే మాట ఇవాళ మా నెట్స్ దగ్గరా వినబడుతూనే ఉంది.

అపోహ: "హెల్మెట్ పెట్టాం, ఇక తలకు ఏమీ కాదు"

నన్నడిగితే మొదటి అపోహకన్నా ఇదే ప్రమాదం. హెల్మెట్ ప్రధానంగా పుర్రెను, ముఖాన్ని కాపాడుతుంది. బంతి వేగానికి లోపల మెదడు కుదుపుకు లోనవడాన్ని పూర్తిగా ఆపలేదు. 2014 నవంబరులో సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిల్ హ్యూస్ హెల్మెట్‌తోనే ఆడుతున్నాడు. బంతి హెల్మెట్ కప్పని మెడ భాగంలో తగిలింది, రెండు రోజులకు చనిపోయాడు. మెడ వెనక అదనపు రక్షణ ఉన్న హెల్మెట్లు ఆ తర్వాతే వాడుకలోకి వచ్చాయి.

బాక్సింగ్‌లో చరిత్ర అడ్డం తిరిగింది. 1984 ఒలింపిక్స్‌లో తలకు కవచం తప్పనిసరి చేశారు. 2013లో అగ్రశ్రేణి పురుషుల పోటీల్లో దాన్ని తీసేశారు. 2016 రియోలో పురుషులు కవచం లేకుండానే తలపడ్డారు. కవచం లేనప్పుడే మెదడు కుదుపులు తక్కువని బాక్సింగ్ సమాఖ్య వాదన. అందరూ దాన్ని ఒప్పుకోలేదు. బడి పిల్లల విషయంలో నేనూ ఒప్పుకోను. కానీ కవచం ఉందన్న ధీమా మనిషిని మరింత దూకుడుగా ఆడిస్తుందన్నది మాత్రం మైదానంలో రోజూ కనబడేదే.

2019 ఆగస్టు నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో తల దెబ్బ తిన్న ఆటగాడి బదులు మరొకరు పూర్తిగా ఆడవచ్చు. బడికి అంత హంగు అక్కర్లేదు, దాని సారం చాలు. హెల్మెట్‌కు బంతి గట్టిగా తగిలితే పిల్లవాడు "ఏం కాలేదు సార్" అన్నా ఆ రోజుకు ఆట లేదు. తలనొప్పి పెరిగినా, వాంతి అయినా, మాట తడబడినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒంటరిగా సైకిల్ మీద ఇంటికి పంపకూడదు.

మా ఊరికే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. కొండకు వెళ్లి గుండు చేయించుకుని వచ్చిన పిల్లవాడికి పోయిన వారం సరిపోయిన హెల్మెట్ ఈ వారం వదులవుతుంది. పట్టీ మళ్లీ బిగించాల్సిందే.

అపోహ: "కబడ్డీ మట్టి ఆట, దానికి రక్షణ నియమాలేమిటి?"

ఉన్నాయి, ఒంటి మీద ఏదీ ఉండకూడదనే నియమాలు. గోళ్లు కత్తిరించుకోవాలి, నగలు పెట్టుకోకూడదు, ఒంటికి నూనె రాసుకోకూడదు. ఆటకు ముందు గాజులు, చెవిపోగులు, చేతి కాశీదారాలు తీయించడం దగ్గరే మాకు సగం గొడవ. మొక్కుకుని కట్టిన దారం తీయనంటే బతిమాలుతాను, అయినా వినకపోతే స్కోరు రాసే పని ఇస్తాను.

అపోహ: "హైజంప్‌కు ఇసుక గుంట చాలు"

కత్తెర పద్ధతిలో దూకి కాళ్ల మీద దిగేవాళ్లకు చాలు, అదీ ఇసుకను తవ్వి వదులు చేస్తేనే. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్బరీ వీపు కిందికి వచ్చేలా బారు దాటి 2.24 మీటర్లతో స్వర్ణం గెలిచాడు. "ఫ్లాప్" అనే ఆ పద్ధతి నిలవడానికి కారణం అప్పటికే వచ్చిన మెత్తని ఫోమ్ పరుపులు. పరుపు లేని బడిలో ఫోన్‌లో వీడియో చూసి ఇసుకలోకి వెనక్కి దూకడమంటే మెడను పణంగా పెట్టడమే. పరుపు వచ్చేదాకా నేను ఫ్లాప్ నేర్పను, ఎంత చురుకైన పిల్లవాడైనా సరే.

విసిరే ఆటల్లో పరుపు బదులు దూరమే రక్షణ. 1984లో తూర్పు జర్మనీ ఆటగాడు ఉవె హోన్ జావెలిన్‌ను 104.80 మీటర్లు విసిరాక మైదానాలే చాలవన్న భయం పట్టుకుంది. 1986లో పురుషుల జావెలిన్ బరువు కేంద్రాన్ని ముందుకు జరిపి అది త్వరగా ముక్కు వంచి నేల తాకేలా మార్చారు. మా బడి ఆవరణ అందులో సగం కూడా ఉండదు. అందుకే విసిరేవాడి వెనక సున్నం గీత, మిగతా అందరూ దాని అవతల. ఈల వేశాకే ఏరుకురావాలి.

అపోహ: "ప్రభుత్వ బడికి ఇవన్నీ కొనే డబ్బెక్కడిది?"

సమగ్ర శిక్షా కింద ఏటా క్రీడా సామగ్రికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు కేటాయింపు ఉంది. అది సరిపోతుందని చెప్పను. కానీ చాలాచోట్ల మొత్తం బ్యాట్లకూ బంతులకూ పోతుంది. ముందు ఇసుక, సున్నం, ప్రథమ చికిత్స పెట్టె, ఆ తర్వాత వేర్వేరు కొలతల్లో రెండు హెల్మెట్లు, మిగిలితే కొత్త బ్యాటు. ఈ వరుస పిల్లలకు నచ్చదు.

అపోహ: "ఏమైనా అయితే పీఈటీ మెడకే. ఆటలు ఆపేస్తే పోలా!"

2004లో కుంభకోణం బడి అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ నేపథ్యంలో 2009లో సుప్రీంకోర్టు సురక్షితమైన బడిలో చదువుకోవడం విద్యాహక్కులో భాగమేనని తీర్పునిచ్చింది. 2021లో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన పాఠశాల భద్రతా మార్గదర్శకాలు యాజమాన్యం బాధ్యతనూ స్పష్టం చేశాయి. ఇక ఆటలు ఆపేయడానికీ వీల్లేదు, ఆటస్థలం, ఆట సామగ్రి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉన్నాయి. పగిలిన హెల్మెట్, వంగిన గోల్ స్తంభం గురించి ప్రధానోపాధ్యాయుడికి తేదీ వేసి రాసి ఇవ్వండి.

అపోహ: "ఆట మధ్యలో నీళ్లు తాగితే కడుపు పట్టేస్తుంది"

ఒకప్పుడు శిక్షకులే ఇలా చెప్పేవారు. తిరుపతి ఎండల్లో ఈ మాట వినకండి. ఒంటిపూట బడుల రోజుల్లో ఆటలు పొద్దున మొదటి పీరియడ్లకే మార్చండి, అడిగినప్పుడల్లా గుక్కెడు నీళ్లు తాగనివ్వండి.