కొమ్మ తల దించితే కళ్లు తెరుచుకుంటాయి

మే నెలాఖరులో విశాఖపట్నం దగ్గరి ఆనందపురం దాటాక ఒక జామతోటలో అడుగుపెట్టినప్పుడు, ముందురోజు రాత్రి గాలివాన గానీ వచ్చి వెళ్లిందా అనిపించింది. నిటారుగా నిలబడ్డ కొమ్మ ఒక్కటీ కనిపించలేదు. కొమ్మలన్నీ విల్లులా వంగి ఉన్నాయి. ఒక్కో కొమ్మకు కట్టిన కొబ్బరితాడు నేలలో దిగ్గొట్టిన సరుగుడు మేకుకు బిగించి ఉంది. ఆకులు కూడా దూసేశారు, చివర జానెడు మేర మాత్రం కుచ్చులా వదిలారు. చెట్టును ఇంతగా బాధపెట్టడం ఎందుకని అడిగితే, తోట చూసుకునే పెద్దాయన "కొమ్మ తల దించితేనే గానీ కళ్లు తెరవదు బాబూ" అన్నారు. రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. బోసిగా ఉన్న ఆ కొమ్మల మీద, రాలిన ఆకు మిగిల్చిన మచ్చకు సరిగ్గా పైన, జొన్నగింజంత పచ్చని ఇగుర్లు జంటలు జంటలుగా పగిలి ఉన్నాయి.

ఆయన కన్ను అన్నది కణుపు దగ్గర నిద్రాణంగా ఉండే మొగ్గను. చెరకు పండించే అనకాపల్లి వైపు ఈ మాట అందరి నోటా వినిపిస్తుంది. చెరకు గడను నిలువునా పాతితే పైకొసన ఉన్న కళ్లే ముందు మొలుస్తాయి, కింది కళ్లు చాలామటుకు అలాగే ఉండిపోతాయి. అదే గడను మూడు కళ్ల ముచ్చెలుగా నరికి పాతితే కింది ముచ్చెలు కూడా మొలకెత్తుతాయి. కింది కంటిలో మొలిచే శక్తి ముందూ ఉంది, తర్వాతా ఉంది. మారిందల్లా పైకొసతో దానికున్న సంబంధం. పైకొస కింది కళ్లను ఇలా అణచిపెట్టడాన్ని వృక్షశాస్త్రం అగ్రాధిక్యత అంటుంది. జామకొమ్మను వంచేటప్పుడు రైతు చేసే పని కూడా ఇదే, కాకపోతే కత్తి లేకుండా చేస్తాడు. నరికితే కొమ్మలో దాచుకున్న ఆహారమూ పోతుంది, చివరి ఆకులూ పోతాయి. వంచితే రెండూ చెట్టుకే మిగులుతాయి. ఈ పద్ధతిలోని తెలివంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

కొస ఇంత దూరం నుంచి కింది కళ్లను ఎలా అణచిపెడుతుందన్న ప్రశ్నకు సమాధానం విడతలు విడతలుగా దొరికింది. మొలక కొసలో పుట్టిన ఏదో ప్రభావం కిందికి దిగి, మొలక వెలుగు వైపు వంగేలా చేస్తుందని 1880లో ఛార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ గడ్డిజాతి మొలకల మీద చేసిన పరీక్షలతో చూపించారు. 1920ల చివర్లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రిట్స్ వెంట్ ఓట్ మొలకల కొసలను కోసి అగార్ అనే జెల్లీ ముక్కల మీద ఉంచి, ఆ ప్రభావాన్ని ఒక పదార్థంగా పట్టుకున్నాడు. అదే ఆక్సిన్, మొక్క ఎదుగుదలను నడిపించే ఒక హార్మోన్. 1930లలో థీమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు బాకుల చిక్కుడు మొక్కల కొస తుంచి, తుంచినచోట ఆక్సిన్ పూస్తే పక్కకళ్లు మళ్లీ నిద్రలోనే ఉండిపోవడం గమనించారు. అయితే పైనుంచి దిగే ఆక్సిన్ ఆ కంటిలోకి చొరబడదు. పక్కనుంచే దిగిపోతూ, మరో రెండు హార్మోన్ల ద్వారా పని నడిపిస్తుంది. కంటిని మేల్కొలిపే సైటోకైనిన్ తయారీని తగ్గిస్తుంది, నిద్రపుచ్చే స్ట్రైగోలాక్టోన్ తయారీని పెంచుతుంది. ఈ రెండోదానికి హార్మోన్ హోదా 2008లో గానీ దక్కలేదు. 2014లో బఠాణీ మొక్కలపై జరిగిన పరిశోధన ఇంకో సంగతి బయటపెట్టింది: కొస తుంచగానే, ఆక్సిన్ తగ్గిన కబురు కింది కళ్లకు చేరకముందే, అప్పటిదాకా కొస తినేస్తున్న చక్కెర వాటికి అందుతుంది, అవి ఉబ్బడం మొదలుపెడతాయి.

మరి వంచినప్పుడు కొస తెగిపోలేదు కదా? ఇక్కడ భూమి ఆకర్షణ పనిచేస్తుంది. లేతకాండంలో ఒక వరుస కణాల్లో బరువైన పిండిరేణువులు ఉంటాయి. కొమ్మ నిలువుగా ఉన్నంతసేపూ అవి కణం అడుగున ఉంటాయి. కొమ్మను అడ్డంగా పడుకోబెడితే దొర్లి కొత్త అడుగుభాగానికి చేరతాయి. చెట్టుకు దిక్కు తెలిసేది వాటి వల్లనే. ఆ వెంటనే ఆక్సిన్ ప్రవాహం కొమ్మ కిందివైపుకు మళ్లుతుంది, ఒత్తిడికి గురైన కణజాలంలో ఎథిలీన్ అనే వాయురూప హార్మోన్ పెరుగుతుంది, కొస ఎదుగుదల మందగిస్తుంది. కొస ఖర్చుపెట్టని చక్కెర కొమ్మలోనే నిలుస్తుంది. వంచిన కొమ్మను దగ్గరగా చూస్తే ఇగుర్లు ఎక్కువగా పైవైపునే, ఆకాశం కనిపించే పక్కనే ఉంటాయి. ఆకులు దూయడం కూడా ఊరికే చేసే పని కాదు. దానివల్ల కళ్లకు ఎండ తగులుతుంది, నిద్ర త్వరగా వీడుతుంది. చివర వదిలిన కుచ్చు నీటిని లాగుతూ కొమ్మను బతికించి ఉంచుతుంది.

ఇగురు వచ్చినంత మాత్రాన కాయ రావాలని లేదు. జామలో వస్తుంది, ఎందుకంటే జామ కొత్త ఇగురు మీదే పూస్తుంది. లేత జామరెమ్మను వేళ్ల మధ్య తిప్పి చూడండి, గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా తగులుతుంది. ఆ పలకల రెమ్మ నాలుగైదు జతల ఆకులు వేసేసరికి ఆకు చంకల్లో మొగ్గలు కనిపిస్తాయి. వంచిన రోజు నుంచి లెక్కేస్తే ఇందుకు ఇంచుమించు నలభై, నలభై అయిదు రోజులు పడుతుంది. పూత నుంచి పండు దాకా మరో నాలుగైదు నెలలు. మే చివర వంచిన కొమ్మ జూలైలో పూసి, చలికాలంలో కాపు చేతికిస్తుంది. అసలు లాభం ఇదే. వానాకాలపు జామకాయ నీరునీరుగా, చప్పగా ఉంటుంది, పండుఈగ పురుగు కూడా దానికే ఎక్కువ; చలికాలపు కాయ గట్టిగా, తియ్యగా ఉంటుంది. రైతుబజారులో రెండింటినీ కొరికి చూసినవారికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆపిల్ చెట్టుకు లెక్క మరోలా ఉంటుంది. దాని పూమొగ్గ ముందటి వేసవిలోనే తయారవుతుంది కాబట్టి, ఈ ఏడు వంచితే వచ్చే ఏడు కాయాలి. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాచతోటలో పదిహేడో శతాబ్దంలోనే గోడల వెంట పండ్లచెట్ల కొమ్మలను అడ్డంగా కట్టి పెంచేవారు.

వంచిన కొమ్మ ఊరుకోదు. జామ వంటి వెడల్పాకు చెట్లలో, వంగిన కొమ్మ పైవైపున ప్రత్యేకమైన కలప పుడుతుంది. దాని కణాల గోడలు దాదాపు పూర్తిగా సెల్యులోజ్‌తో నిండి, ముడుచుకుంటూ కొమ్మను పైకి లాగుతాయి. అందుకే తాడు తొందరగా విప్పితే కొమ్మ లేస్తుంది. ఇగురు అంగుళం దాటాక జామలో తాడు పని దాదాపు తీరినట్టే, కానీ చెట్టు ఆకారమే మారాలనుకుంటే ఒక కాలమంతా కట్టి ఉంచాలి. ముదురు కొమ్మ జోలికి పోకూడదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న మాటను రైతులు అక్షరాలా వాడేది ఇక్కడే. బొటనవేలు లావు దాటిన కొమ్మను బలవంతపెడితే చంకలో చీలుతుంది.

ఈ సంగతులేవీ తెలియకముందే ఒకసారి కళ్లారా చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు, మా పెరటి జామచెట్టు సగం వేళ్లతో పక్కకు ఒరిగిపోయింది. కొట్టేద్దామనుకుని, చేయి రాక వదిలేశాము. కొన్ని వారాలకే ఒరిగిన మాను మీద బారులు తీరి ఇగుర్లు లేచాయి. అంతకుముందు ఎన్నడూ అంత కాయని చెట్టు ఆ మరుసటి ఏడు విరగకాసింది. అందులో వంగిన ఫలితం ఎంతో, వేళ్లు తెగిన దెబ్బ ఫలితం ఎంతో విడదీసి చెప్పడం కుదరదు. వేరుకు దెబ్బ తగిలినా చెట్టు పూతకు వస్తుంది.

ఇంట్లో ప్రయత్నించేవారికి నేను ముందుగా చెప్పేది తాడు గురించి. సన్నని నైలాన్ తాడు లావెక్కే కొమ్మను కోసేస్తుంది. కింద గోనెపట్టా ముక్క గానీ పాత నూలుబట్ట గానీ చుట్టి, ఆ పైన కట్టాలి. రెండోది వంపు. కొస మరీ కిందికి దిగితే, వంపులో అన్నిటికన్నా ఎత్తున ఉన్న కన్ను పెత్తనం అందుకుని నిలువుగా ఒక బలిసిన నీటికొమ్మను లేపుతుంది, కొస ఎండుతుంది. అలాంటిది లేస్తే లేతగా ఉండగానే గిల్లేయాలి. రెండేళ్లు నిండని మొక్కను వంచవద్దు. కాయల బరువు మోసే బలం దానికింకా రాదు.

అన్నిటికన్నా ముందు, ఆ చెట్టు ఎక్కడ పూస్తుందో చూసుకోవాలి. పనస మాను మీద, లావు కొమ్మల మీద కాస్తుంది, దాని లేతకొమ్మ వంచి లాభం లేదు. మామిడి, ముదిరిన రెమ్మ కొసన పూస్తుంది. జామ ఇచ్చిన ఉత్సాహంతో ఒక వేసవిలో మా సువర్ణరేఖ మామిడికి రెండు కొమ్మలు వంచి ఇటుకలు వేలాడదీశాను. పైవైపున రాగిరంగు ఇగుర్లు నిలువుగా, ఏపుగా లేచాయి. ఆ చలికాలం చెట్టంతా పూసింది, ఆ రెండు కొమ్మలు తప్ప. వాటి మీది ఇగుర్లు అప్పటికింకా ముదరలేదు. సంక్రాంతి వెళ్లాక ఇటుకలు విప్పేశాను.