పాన్పు, లోబడుట, హృదయం: అపోహలు – వాస్తవాలు

గత నెల స్త్రీల సమాజం కూటం ముగిశాక ఒక సోదరి అందరూ వెళ్లేవరకు ఆగి, "అయ్యగారూ, జ్వరంతో ఉన్న రోజున కాదన్నా పాపమేనా?" అని అడిగారు. దేనిని కాదన్నారో ఆమె చెప్పలేదు, నేను అడగవలసిన అవసరమూ రాలేదు; ఇరవై ఏళ్ల కాపరి సేవలో ఈ ప్రశ్న నాకు ఎన్నోసార్లు ఎదురైంది. ఆమె భర్త తన బైబిలులో 1 కొరింథీయులు 7:4 కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి చూపించారట. ఆ గీత వచనం సగంలోనే ఆగిపోయింది.

అపోహ: భార్య శరీరం మీద అధికారం భర్తదే, కాబట్టి కాదనడం దేవునికి ఎదురుతిరగడమే.

వాస్తవం: గీత పడని రెండో సగం, భర్త శరీరం మీద అదే అధికారాన్ని భార్యకు ఇస్తుంది. ఇంటి పెద్దగా పురుషునిదే పైచేయిగా సాగిన రోమా సామ్రాజ్యంలో, క్రీ.శ. 50ల నడుమ, పౌలు రాసిన ఈ పత్రికను (ఉత్తరాన్ని) అందుకున్న కొరింథు సంఘాన్ని ఉలిక్కిపడేలా చేసి ఉండగలిగింది ఆ రెండో సగమే. దానికి ముందున్న 3వ వచనం దంపతులలో ఎవరి ధర్మం వారు నడుపుకోవాలని చెబుతుందే గాని, ఎదుటివారి నుంచి దాన్ని బలవంతంగా వసూలు చేసుకునే హక్కును ఎవరికీ రాసివ్వదు. తరువాతి 5వ వచనం కొంతకాలం ఎడంగా ఉండటానికే "ఉభయుల సమ్మతి" కావాలంటుంది. ఎడబాటుకే సమ్మతి కావలసినప్పుడు కలయికకు అక్కరలేదని వాదించేవారు ఆ అధ్యాయాన్ని చదవలేదు, తమకు కావలసినది అందులో వెదుక్కున్నారు.

భార్యలు తమ భర్తలకు లోబడాలని చెప్పే ఎఫెసీయులు 5:22కూ ఇదే గతి పట్టింది. అత్యంత ప్రాచీనమైన కొన్ని గ్రీకు ప్రతులలో ఆ వచనానికి సొంత క్రియే లేదు. "ఒకనికొకడు లోబడియుండుడి" అన్న 21వ వచనం నుంచే అది క్రియను తెచ్చుకుంటుంది. ఆరో అధ్యాయంలో పిల్లలకూ దాసులకూ చెప్పిన "విధేయులై యుండుడి" అనే మాటకు మూలంలో వేరే క్రియ ఉంది, మన తెలుగు బైబిలూ ఆ తేడాను నిలిపింది. శారా అబ్రాహాముకు లోబడింది కదా అని పేతురు పత్రికను ముందుకు తెచ్చేవారు, ఆదికాండము 21:12లో శారా మాట వినమని దేవుడే అబ్రాహాముకు చెప్పిన సంగతిని కూడా చదివి రావాలి. ఎఫెసీయులు 5:23లో భర్త భార్యకు శిరస్సన్న మాటకు అర్థమేమిటన్నది పండితుల మధ్య ఇంకా తెగని వాదమే. అయితే భర్త నాయకత్వాన్ని గట్టిగా సమర్థించేవారు 1987లో అమెరికాలో రూపొందించిన డాన్వర్స్ ప్రకటన సైతం, ఏ లోబడుటా మనిషిని పాపంలోకి అనుసరించమని ఆజ్ఞాపించదని ఒప్పుకుంది.

ఇంత ఘాటుగా రాయడానికి నా తప్పు కూడా ఒక కారణం. సేవలో చేరిన రెండో ఏట, చేతి మీద కమిలిన మచ్చలతో వచ్చిన ఒక సోదరికి "ప్రార్థించమ్మా, లోబడి ఉండు, ఆయన మారతాడు" అని చెప్పి తిరిగి ఇంటికి పంపాను. ఆరు నెలల తరువాత ఆమె పుట్టింటివారు వచ్చి తీసుకువెళ్లారు. ఆమె మళ్లీ ఏ మందిరపు గడపా తొక్కలేదని విన్నాను. ఆ రోజు నేను చెప్పవలసినవి ఇవి: 2005 నాటి గృహహింస చట్టం లైంగిక హింసను కూడా హింసగానే లెక్కిస్తుంది, విడాకులు కోరకుండానే రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. ఒకప్పుడు క్రైస్తవ భార్య విడాకులకు క్రూరత్వంతో పాటు వ్యభిచారాన్ని కూడా రుజువు చేయవలసి వచ్చేది, 2001 సవరణ తరువాత క్రూరత్వం ఒక్కటే చాలు. ఇప్పుడు మహిళా సహాయ నంబరు 181 ఉంది. ఈ మాటలు చెప్పడం అవిశ్వాసం కాదు.

ఇక "హృదయము అన్నిటికంటె మోసకరమైనది" అన్న యిర్మీయా మాటను భార్య అయిష్టాన్ని కొట్టిపారేయడానికి వాడేవారున్నారు. ఆ మాట భర్త హృదయానికీ, ప్రసంగించే నా హృదయానికీ కూడా వర్తిస్తుంది.

మనసులో ఒక తలంపు మెదిలినందుకే వ్యభిచారం చేసేశామని నిద్ర మానేసే యౌవనులకు ఒక్క మాట: మత్తయి 5:28 చెప్పేది ఆశించాలనే ఉద్దేశంతో చూసే చూపు గురించి. శోధన పాపం కాదు, యేసు కూడా శోధింపబడ్డాడు. ఆ వచనం పట్టుకుని అమ్మాయిల దుస్తుల మీద ప్రసంగించేవారు తరువాతి వచనం చూడాలి. పెరికి పారవేయమన్నది చూసేవాని కన్నునే.

జ్వరంతో ఉన్న రోజునే కాదు, ఆరోగ్యంగా ఉన్న రోజున కాదన్నా పాపం కాదని ఆ సోదరికి చెప్పాను. ఆమె అనుమతి లేకుండా ఆమె భర్తతో మాట్లాడనని కూడా మాట ఇచ్చాను. ఆలోచించుకుని చెబుతానన్నారు, ఇంకా కబురు రాలేదు.