రాడార్‌కు చెరువు నల్లగా ఎందుకు కనిపిస్తుంది?

నెలల తరబడి మబ్బులు కమ్ముకొని ఉండే తీరాల్లో చేపల చెరువుల విస్తీర్ణాన్ని ఉపగ్రహాలు ఎలా కొలుస్తాయని ఒక పాఠకుడు అడిగారు. తన మైక్రోతరంగాలను తానే పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని నమోదు చేసుకునే రాడార్‌కు మబ్బు గానీ రాత్రి గానీ అడ్డు కాదు. అంతకన్నా నన్ను ఆకట్టుకునేది ఆ చిత్రాల్లో నిలకడ నీరు దాదాపు నల్లగా కనిపించడం.

చీకటి గదిలో నేలమీద అద్దం పెట్టి, దానిమీద ఏటవాలుగా టార్చి వేసి చూడండి. చుట్టూ ఉన్న గచ్చు వెలుగుతుంది. అద్దం మీద పడిన వెలుగంతా అవతలి గోడకు పోతుంది కనుక, టార్చి పట్టుకున్నవారికి అద్దం నల్లగానే ఉంటుంది. పరావర్తన సూత్రాన్ని వల్లె వేయించే ముందు పిల్లల చేత ఈ పని చేయించాలని నా గట్టి అభిప్రాయం. ఏటవాలుగా చూసే రాడార్ ఆ టార్చి, చెరువు ఆ అద్దం, గట్టు ఆ గచ్చు. పైగా నీటిమీద నుంచి జారిన తరంగం ఎదురుగా ఉన్న గట్టుకు తగిలి వచ్చిన దారినే మళ్లుతుంది కనుక, సన్నని గట్టు సైతం నల్లని గళ్ల మధ్య తెల్లని గీతగా తేలుతుంది.

గాలి వీస్తే ఈ అద్దం చెదురుతుంది. ఐరోపా వారి రాడార్ ఉపగ్రహాలైన సెంటినెల్-1 వాడే తరంగదైర్ఘ్యం సుమారు 5.5 సెంటీమీటర్లు. నిలువు రేఖకు 35 డిగ్రీల కోణంలో ఆ తరంగం నీటిని తాకితే, తరంగదైర్ఘ్యాన్ని కోణపు సైన్ విలువకు రెట్టింపుతో భాగించగా వచ్చే 4.8 సెంటీమీటర్ల చిరుఅలల నుంచి మళ్లిన ప్రతిధ్వనులు ఒకదానికొకటి తోడై బలపడతాయి. దీన్ని బ్రాగ్ పరిక్షేపణం అంటారు. మూడు వేళ్ల వెడల్పున్న అలలు లేస్తే చాలు, నల్లని చెరువు బూడిదరంగుకు తిరిగి పక్క పొలంలో కలిసిపోతుంది.

అందుకే ఒక్క చిత్రాన్ని నమ్మకూడదు. ఒక్కో సెంటినెల్-1 ఉపగ్రహం 12 రోజులకోసారి అదే కక్ష్యామార్గానికి తిరిగివస్తుంది. ఏడాది చిత్రాలను పేర్చి, ప్రతి పిక్సెల్‌కు మధ్యగత విలువ (విలువలన్నిటినీ వరుసలో పెడితే నడుమ నిలిచేది) తీసుకుంటే గాలి రోజుల తెలుపు తొలగిపోతుంది. నాట్ల వేళ నల్లగా ఉన్న వరిమడి, పైరు ఎదిగాక వెలుగుకు మారుతుంది కనుక చెరువుల లెక్కలోకి రాదు.

సముద్రంలో చేపలను పెంచే పంజరాల విషయంలో ఇదే కథ తిరగబడుతుంది. నల్లని నీటిమీద వాటి చట్రాలు తెల్లని చుక్కలుగా కనిపిస్తాయి. పడవలూ అలాగే కనిపిస్తాయి. ఫిలిప్పీన్స్‌లోని లింగాయెన్ అఖాతంలో చెరువులను, పంజరాలను రాడార్ చిత్రాలతో గుర్తించిన అధ్యయనాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2004లోనే ప్రచురించింది. ఇప్పుడు చిత్రాలను వరుసగా పేర్చి చూసే వీలుంది కనుక, కదిలే పడవలు మధ్యగతంలో చెరిగిపోయి, లంగరు వేసి కట్టిన పంజరాలు మాత్రమే మిగులుతాయి.